సాక్షి బోను దాటని బాధితులు

ఒక ఘోరం జరిగిన ప్రతిసారీ మన దగ్గర ఒకే ప్రశ్న లేస్తుంది: నిందితుడి హక్కుల గురించి ఇంతగా పట్టించుకునే చట్టం బాధితుల గురించి ఎందుకు పట్టించుకోదు? ప్రశ్న న్యాయమైనదే. దానికి ప్రభుత్వాలు చెప్పే జవాబు మాత్రం ఎప్పుడూ ఒక్కటే: శిక్ష పెంచుతాం. 2013లో పెంచారు, 2018లో పెంచారు, 2023 నాటి కొత్త చట్టాల్లో మరికొంత పెంచారు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019లో దిశ బిల్లు ఆమోదించి దర్యాప్తు, విచారణ కలిపి 21 పనిదినాల్లో ముగియాలని రాసుకుంది. శిక్ష పెంచడానికి ఖజానా నుంచి రూపాయి కదలనక్కర్లేదు. బాధితురాలికి సొంత న్యాయవాదిని ఇవ్వాలన్నా, కేసు ఎక్కడిదాకా వచ్చిందో ఆమెకు వేళకు చెప్పాలన్నా, చికిత్సకూ బతుకుతెరువుకూ డబ్బు అందించాలన్నా ఖర్చవుతుంది. పైగా ఠాణాలోనూ ప్రాసిక్యూషన్ కార్యాలయంలోనూ ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది. అందుకే మొదటి పని నెలల్లో అయిపోతుంది, రెండోది దశాబ్దాలుగా సగంలోనే ఆగింది. బాధితులకు కావలసింది నిందితుడి హక్కుల్లో కోత కాదు. రాజ్యం మీద వాళ్లకు హక్కు కావాలి. ఈ రెంటినీ కలిపేయడం వల్లే మన చర్చ దారి తప్పుతోంది.

మన నేర విచారణలో నేరం రాజ్యం మీద జరిగినట్టు లెక్క. కేసు పేరు చూస్తేనే తెలుస్తుంది: స్టేట్ ఆఫ్ తెలంగాణ వర్సెస్ ఫలానా. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ కాగితాల్లో పీడబ్ల్యూ-1, అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి. సమన్లు వస్తే రావాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి, బోను దిగి వెళ్లిపోవాలి. ఆమె తెలుగులో చెప్పుకున్నది రికార్డులో ఇంగ్లీషులో పడుతుంది. వాయిదా ఎప్పుడో కోర్టు కానిస్టేబుల్ కబురు పెడితే తెలుస్తుంది, లేకపోతే లేదు. నిందితుడికి బెయిలు వచ్చిందన్న సంగతి అతను ఊరి టీకొట్టు దగ్గర కనబడ్డాక గాని తెలియని కుటుంబాలు ఎన్నో. ఆమె తరఫున వాదించాల్సిన పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఆమె న్యాయవాది కాదు, ప్రభుత్వ న్యాయవాది. రోజుకు పదుల కేసులు చూసే ప్రాసిక్యూటర్‌కు ఆమెతో పది నిమిషాలు మాట్లాడే తీరిక ఉండదు. సాక్ష్యం చెప్పే రోజు ఉదయం వరండాలో నిలబడే ఆ మాటలు అవుతాయి.

ఈ ఏర్పాటుకు మంచి కారణమే ఉంది. నేరం సొంత తగాదాగా ఉన్నన్నాళ్లూ బలవంతుడిదే న్యాయం. ఇంగ్లండ్‌లో హతుడి బంధువు నేరుగా అభియోగం మోపే పద్ధతి, అందులో భాగంగా ద్వంద్వయుద్ధం కోరే వీలు 1819 దాకా చట్టంలో ఉన్నాయి. రాజ్యం ఆ పనిని తన చేతుల్లోకి తీసుకోవడం వల్ల పగలు తగ్గాయి, పేదవాడి ఫిర్యాదుకు ఒక దిక్కు దొరికింది. అయితే అది ఒక ఒప్పందం లాంటిది. నీ తరఫున నేను పోరాడతాను, నువ్వు ఆయుధం పట్టకు అని రాజ్యం అన్నది. దర్యాప్తు సరిగా చేయకపోతే, కేసు నీరుగార్చితే, శిక్ష పడ్డవాడిని గడువుకు ముందే వదిలేస్తే అడిగే అధికారం ఆ మాట నమ్మినవాళ్లకు ఉండాలా వద్దా? గత అరవై డెబ్బై ఏళ్లలో ప్రపంచమంతటా నడిచిన చర్చ సారాంశం ఇదే.

ఆ చర్చ డబ్బుతో మొదలైంది. బ్రిటన్‌కు చెందిన సంస్కర్త మార్జరీ ఫ్రై 1950లలో ఒక మాట ముందుకు తెచ్చారు: నేరాన్ని ఆపలేకపోయిన రాజ్యమే బాధితుడి నష్టంలో పాలు పంచుకోవాలి. దాన్ని మొదట చట్టం చేసింది న్యూజిలాండ్, 1963లో. మరుసటి ఏడాది బ్రిటన్, ఆ తర్వాత కాలిఫోర్నియా అదే దారి పట్టాయి. 1985 నవంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ బాధితుల న్యాయంపై ప్రకటన ఆమోదించి గౌరవం, సమాచారం, విచారణలో మాట చెప్పుకునే అవకాశం, నష్టపరిహారం, సహాయం అన్నవాటిని ప్రమాణాలుగా నిలిపింది.

మన దగ్గర 1973 నాటి నేర విచారణ ప్రక్రియా స్మృతి (సీఆర్‌పీసీ)లో 357వ సెక్షన్ ఉండేది. జరిమానా నుంచో, విడిగానో దోషి చేత పరిహారం ఇప్పించే అధికారం కోర్టుకు ఉండేది. వాడినవాళ్లు తక్కువ. ఈ సెక్షన్‌ను కోర్టులు ఉదారంగా వాడాలని సుప్రీంకోర్టు 1988లో హరిసింగ్ కేసులో చెప్పింది. పాతికేళ్ల తర్వాత, 2013లో అంకుశ్ శివాజీ గైక్వాడ్ కేసులో ప్రతి క్రిమినల్ కేసులోనూ పరిహారం గురించి ఆలోచించి తీరాలని మళ్లీ చెప్పవలసి వచ్చింది. 2024 నవంబరులో, ముఖ్యంగా మహిళలు, పిల్లలపై నేరాల్లో సెషన్స్ కోర్టులు పరిహారం ఆదేశాలు ఇవ్వాలని మరోసారి చెప్పింది. ఒకే మాట మూడుసార్లు చెప్పాల్సి వచ్చిందంటే కింది కోర్టుల్లో అది వినబడలేదనే అర్థం.

చట్టంలో అసలు మలుపు 2008 సవరణ. 2003లో జస్టిస్ మలిమత్ కమిటీ బాధితుడిని విచారణలో భాగస్వామిని చేయాలని, సాక్షులను ప్రశ్నించే హక్కు కూడా ఇవ్వాలని సిఫార్సు చేసింది. పార్లమెంటు అంత దూరం పోలేదు. 2009 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో బాధితుడికి నిర్వచనం ఇచ్చారు. ప్రాసిక్యూషన్‌కు సాయంగా సొంత న్యాయవాదిని పెట్టుకునే వీలు కల్పించారు. ప్రతి రాష్ట్రం పరిహార పథకం రూపొందించాలన్నారు. అన్నిటికంటే విలువైనది అప్పీలు హక్కు. నిందితుడు నిర్దోషిగా బయటపడినా, తక్కువ తీవ్రత ఉన్న నేరానికే శిక్ష పడినా, పరిహారం చాలకపోయినా బాధితుడు తానే అప్పీలుకు వెళ్లవచ్చు. ఇందుకు ముందస్తు అనుమతి అక్కర్లేదని 2018లో మల్లికార్జున్ కొడగలి కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు తేల్చింది. శిక్ష చాలలేదని, పెంచమని అప్పీలు చేసే హక్కు మాత్రం బాధితుడికి లేదు, అది ప్రభుత్వానికే ఉంది. ఈ గీత సరైనదే. నేరం రుజువైందా లేదా అన్న ప్రశ్నలో బాధితుడికి పూర్తి వాటా ఉంది. ఎన్నేళ్లు అన్నది సమాజం మొత్తానికి సంబంధించిన లెక్క.

వివాదమంతా సొంత న్యాయవాది చుట్టూ తిరుగుతోంది. చట్టం న్యాయవాదిని పెట్టుకోనిచ్చింది గాని నోరు విప్పనివ్వలేదు. ఆ న్యాయవాది పబ్లిక్ ప్రాసిక్యూటర్ చెప్పినట్టు నడుచుకోవాలి, సాక్ష్యాలు ముగిశాక కోర్టు అనుమతిస్తే రాతపూర్వక వాదన ఇవ్వాలి. 2019లో రేఖా మురార్కా కేసులో సుప్రీంకోర్టు దీన్నే ఖాయం చేసింది. సాక్షులను క్రాస్ ఎగ్జామిన్ చేయడానికి, స్వతంత్రంగా మౌఖిక వాదన వినిపించడానికి వీల్లేదన్నది. ఒకే పక్షాన ఇద్దరు రెండు దారుల్లో వాదిస్తే కేసే దెబ్బతినవచ్చన్నది కోర్టు చూపిన కారణాల్లో ఒకటి. మూడేళ్లు తిరక్కుండానే గొంతు మారింది. లఖింపూర్ ఖేరీ కేసులో హతులైన రైతుల కుటుంబాల మాట సరిగా వినకుండా అలహాబాద్ హైకోర్టు నిందితుడికి ఇచ్చిన బెయిలును 2022 ఏప్రిల్‌లో జస్టిస్ ఎన్.వి.రమణ నేతృత్వంలోని ధర్మాసనం రద్దు చేసింది. దర్యాప్తు మొదలు అప్పీలు ముగిసేదాకా ప్రతి దశలో బాధితుడికి వినిపించుకునే హక్కు ఉందని స్పష్టం చేసింది. ఈ రెండు తీర్పుల మధ్య కింది కోర్టు జడ్జి ఇప్పుడు ఇరుకున పడి ఉన్నారు. బెయిలు దగ్గర వినాలి, సరే. విచారణ నడుమ ప్రాసిక్యూటర్ కీలకమైన ప్రశ్న అడగడం మరిచిపోతే బాధితుడి న్యాయవాది లేచి నిలబడవచ్చా? రేఖా మురార్కా తీర్పు ప్రకారం ఆయన ఆ ప్రశ్నను ప్రాసిక్యూటర్ చెవిన వేయాలి, ఆయన అడగనంటే కోర్టు దృష్టికి తేవాలి. కాగితం మీద ఇది బాగానే ఉంటుంది. సాక్షి బోను దిగి వెళ్లిపోయాక ఎవరి దృష్టికి తెచ్చినా లాభం తక్కువ.

ఇక్కడ జర్మనీ అనుభవం చూడాలి. అక్కడ హత్య, అత్యాచారం వంటి తీవ్ర నేరాల్లో బాధితుడు, మృతుడి దగ్గరి బంధువు ప్రాసిక్యూటర్ పక్కన అనుబంధ పక్షంగా చేరవచ్చు. వాళ్ల న్యాయవాది సాక్షులను ప్రశ్నిస్తారు, సాక్ష్యం తెప్పించమని కోరతారు, అభ్యంతరాలు చెబుతారు. కొన్ని నేరాల్లో ఆ న్యాయవాది ఖర్చు ప్రభుత్వానిదే. శిక్ష పెంచమని మాత్రం వీళ్లు కూడా అప్పీలు చేయలేరు, మన చట్టంలాగే. 2000-2007 మధ్య ఒక నయా నాజీ ముఠా అక్కడ పది మందిని చంపింది, వారిలో తొమ్మిది మంది వలస కుటుంబాలవాళ్లు. పోలీసులు ఏళ్ల తరబడి హంతకుల కోసం వెతకలేదు. మృతుల ఇళ్లలోనే మాదకద్రవ్యాల ముఠాల జాడలు, కుటుంబ కక్షలు వెతికారు. 2013 నుంచి 2018 దాకా మ్యూనిక్‌లో సాగిన విచారణలో, నిఘా సంస్థల ఇన్ఫార్మర్లకు ఏం తెలుసు, దర్యాప్తు ఎందుకు దారి తప్పింది అని పట్టుబట్టి అడిగింది బాధిత కుటుంబాల న్యాయవాదులే. ప్రాసిక్యూషన్‌కు ఆ ప్రశ్నల మీద ఆసక్తి లేదు. రాజ్యమే తప్పు చేసిన చోట రాజ్యం తరఫు న్యాయవాది ఆ తప్పును తవ్వుతాడని ఆశించలేం. బాధితుడికి సొంత గొంతు కావాలనడానికి ఇంతకంటే బలమైన కారణం నాకు కనబడదు.

జర్మనీలో జడ్జే సాక్షులను ప్రశ్నించి నిజం రాబట్టే పద్ధతి ఉంది, మనది ఇరుపక్షాలు పోటీపడే పద్ధతి, ఆ నమూనా ఇక్కడ అతకదని ఒక అభ్యంతరం. కొంతవరకు నిజమే. అయితే ఇరుపక్షాల పోటీ లక్షణాలు బాగా ఉన్న జపాన్ 2008 డిసెంబరు నుంచి తీవ్ర నేరాల్లో బాధితులను కోర్టు అనుమతితో ప్రాసిక్యూటర్ పక్కన కూర్చోనిస్తోంది. వాళ్లు నిందితుణ్ని ప్రశ్నించవచ్చు, శిక్ష గురించి తమ అభిప్రాయం చెప్పవచ్చు. జడ్జి చేతిలో పగ్గం ఉంటుంది గనుక అక్కడి న్యాయవ్యవస్థ కూలిపోలేదు. మనం కూడా అన్ని కేసుల్లో కాకపోయినా, ఏడేళ్లకు మించి శిక్ష పడే నేరాల్లో ప్రాసిక్యూటర్ ముగించాక కోర్టు అనుమతితో పరిమితమైన ప్రశ్నలు అడిగే వీలు కల్పించవచ్చు. అందుకు చట్టంలో ఒక్క వాక్యం మారితే చాలు. 2023లో సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత రాసినప్పుడు ఆ వాక్యాన్ని పాత పుస్తకం నుంచి ఉన్నదున్నట్టు దింపేశారు.

సంహితలో మేలు లేదనను. నిందితుడి మీద అభియోగం నమోదైతేనే బాధితుడు అన్న పాత మెలిక నిర్వచనంలోంచి పోయింది. ఈ మార్పు విలువ తెలియాలంటే అమెరికా వైపు చూడాలి. అక్కడ 2004 చట్టం బాధితులకు సమాచారం, సంప్రదింపు, వినిపించుకునే హక్కులు ఇచ్చింది. హక్కు నిరాకరిస్తే అప్పీలు కోర్టు తలుపు తట్టవచ్చు, ఆ కోర్టు 72 గంటల్లో తేల్చాలి. అయినా ఫ్లోరిడాలో బాలికలను లైంగికంగా దోపిడీ చేసిన సంపన్నుడు జెఫ్రీ ఎప్‌స్టీన్‌తో ఫెడరల్ ప్రాసిక్యూటర్లు 2007లో లోపాయికారీ ఒప్పందం చేసుకుని బాధితులకు చెప్పకుండా దాచారు. ఇది హక్కుల ఉల్లంఘనేనని జిల్లా జడ్జి 2019లో అన్నారు. 2021లో అప్పీలు కోర్టు మాత్రం, అభియోగం దాఖలు కాకముందు సొంతంగా దావా వేసే హక్కు ఆ చట్టం ఇవ్వలేదని మెజారిటీతో తేల్చింది. తలుపు తట్టడానికి ముందే కేసును ముగించేస్తే హక్కు ఏం చేయగలదు? మన కొత్త నిర్వచనం ఆ సందును కొంత మూసింది. సొంత గడ్డ మీద ఇంతకంటే పాతదైన మంచి సంప్రదాయం కూడా మనకుంది. పోలీసులు ఫైనల్ రిపోర్టు వేసి కేసు మూసేస్తామంటే, మేజిస్ట్రేటు ఫిర్యాదుదారుకు నోటీసిచ్చి వినాలని సుప్రీంకోర్టు 1985లోనే భగవంత్ సింగ్ కేసులో చెప్పింది. మన కోర్టుల్లో ప్రొటెస్ట్ పిటిషన్ అనేది దీన్నే. కేసు పెట్టకూడదన్న నిర్ణయాన్ని సమీక్షించమని కోరే హక్కును ఇంగ్లండ్ ప్రాసిక్యూషన్ వ్యవస్థ ఒక పథకంగా పెట్టుకున్నది 2013లో.

సంహిత ప్రకారం దర్యాప్తు పురోగతిని 90 రోజుల్లో ఫిర్యాదుదారుకో బాధితులకో పోలీసులు తెలియజేయాలి. పరిధితో పనిలేకుండా ఏ ఠాణాలోనైనా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్‌కు చట్టబద్ధత వచ్చింది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలు కనిపించకుండా పోయిన రాత్రి, మా పరిధి కాదంటూ కుటుంబాన్ని ఒక ఠాణా నుంచి మరో ఠాణాకు తిప్పారన్న ఆరోపణపై పోలీసు సిబ్బంది సస్పెండయ్యారు. అలాంటి తిప్పట ఇక నేరుగా చట్ట ఉల్లంఘన. కేసు ఉపసంహరణకు ముందు బాధితుల మాట వినాలన్న 360వ సెక్షన్ నిబంధన మరీ ముఖ్యమైనది. అధికారం మారగానే తమవారిపై కేసులు ఎత్తేయడం ఏ పార్టీకైనా అలవాటైన దేశం మనది. ప్రజాప్రతినిధులపై కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించరాదని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించాల్సి వచ్చింది కూడా ఇందుకే.

లోటంతా ఆ మేళ్ల అంచున ఉంది. 90 రోజుల్లో చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. పోలీసు రిపోర్టు, వాంగ్మూలాల ప్రతులు నిందితుడితో పాటు బాధితుడికీ ఉచితంగా ఇవ్వాలన్న 230వ సెక్షన్ చదివితే సంతోషం కలుగుతుంది, వెంటనే బ్రాకెట్లో ఉన్న షరతు కనబడుతుంది: న్యాయవాది ఉంటేనే. డబ్బున్నవాడికి కాగితాలు, లేనివాడికి మళ్లీ కోర్టు కానిస్టేబుల్ కబురు. 2022 నుంచి జాతీయ న్యాయ సేవాధికార సంస్థ జిల్లాల్లో పూర్తికాలపు డిఫెన్స్ కౌన్సెళ్లను నియమిస్తోంది, పేద నిందితుల కోసం. అది తప్పనిసరిగా ఉండాల్సిన వ్యవస్థ. కానీ ఒకవైపు జీతమిచ్చి ప్రాసిక్యూటర్‌ను, మరోవైపు జీతమిచ్చి డిఫెన్స్ న్యాయవాదిని పెట్టిన ప్రభుత్వం, నష్టపోయిన మనిషి కోసం అలాంటి న్యాయవాదిని పెట్టలేదు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది. ఆ మాట ఎఫ్ఐఆర్ రాసే గదిలో వాళ్లకు చెప్పేవారెవరు? 2025లో సుప్రీంకోర్టు చెక్ బౌన్స్ ఫిర్యాదుదారుకూ, నకిలీ సరుకుతో నష్టపోయిన కంపెనీకీ బాధితుడిగా అప్పీలు చేసుకునే హక్కు ఉందన్నది. చట్టం మాటలను బట్టి అది సరైన అర్థమే. అయితే ఈ హక్కును అందరికంటే ముందు వాడుకోగలిగేది లీగల్ డిపార్ట్‌మెంట్ ఉన్న కంపెనీలే అన్నది మన విధాన నిర్ణేతలు గమనించాలి.

మన చట్టాల్లోనే ఒక మెరుగైన నమూనా ఉంది, అది తెలుగు నేల మీద పారిన నెత్తుటి నుంచి పుట్టినది. కారంచేడు 1985, చుండూరు 1991 నాటి దళితుల ఊచకోతలు. చుండూరు దళితులు తమకు నష్టపరిహారం కంటే ముందు రెండు డిమాండ్లు పెట్టారు: విచారణ మా ఊళ్లోనే జరగాలి, మేం నమ్మిన న్యాయవాదే ప్రాసిక్యూటర్‌గా ఉండాలి. ఏళ్ల పోరాటం తర్వాత రెండూ సాధించారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు నడిచింది, పౌరహక్కుల న్యాయవాది బి.చంద్రశేఖర్ స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా వాదించారు. 2007 జులైలో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడ్డాయి. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలింది, ఆ తీర్పు అమలును కొన్ని నెలలకే సుప్రీంకోర్టు నిలిపివేసింది. తుది ఫలితం ఎలా ఉన్నా, సాక్షులు పదహారేళ్లు నిలబడి మాట మార్చకుండా చెప్పగలిగారంటే కోర్టు తమ ముంగిట ఉండడం, వాదించేవాడు తమవాడు కావడం అందుకు కారణాలు. ఇలాంటి అనుభవాల ఒత్తిడితోనే 2015లో ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 15ఎ సెక్షన్ చేరింది. బెయిలు, డిశ్చార్జి, పెరోల్, శిక్ష – ప్రతి దశలో బాధితులకు నోటీసు ఇవ్వాలి, వినాలి. నోటీసు లేకుండా ఇచ్చిన బెయిలు చెల్లదని 2021లో హరిరాం భాంభీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. హక్కును ఉల్లంఘిస్తే ఉత్తర్వే చెల్లకుండా పోతుంది. అలా ఉన్నప్పుడే అధికారి దాన్ని పట్టించుకుంటాడు. ఈ ఒక్క సెక్షన్‌ను హత్య, అత్యాచారం, యాసిడ్ దాడి, పిల్లల మీద నేరాలన్నిటికీ వర్తింపజేస్తే సంహితలోని లోటు చాలావరకు తీరుతుంది.

పరిహారం విషయానికి వస్తే, దాన్ని దయగా చూడడం మానాలి. అది సాక్ష్యాన్ని కాపాడే సాధనం. అత్యాచారం కేసుల్లో శిక్ష పడే శాతం 2022లో దేశవ్యాప్తంగా 30కి చేరలేదు. సాక్షులు ఎదురు తిరగడం దీనికి ఒక పెద్ద కారణమని కోర్టుల్లో తిరిగే ఎవరైనా చెబుతారు. ఎందుకు ఎదురు తిరుగుతారు? ఆసుపత్రి ఖర్చు, పోయిన కూలి, వాయిదాలకు చార్జీలు, ఊళ్లో బహిష్కరణ లాంటి ముఖాలు. ప్రభుత్వ సాయం వచ్చేలోపే పెద్దమనుషుల రాజీ గుమ్మంలోకి వస్తుంది. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన జాతీయ పథకం అత్యాచార బాధితురాలికి 4 నుంచి 7 లక్షలు, సామూహిక అత్యాచారమైతే 5 నుంచి 10 లక్షల పరిహారం నిర్దేశించింది, తక్షణ సాయమూ ఉంది. అంకెలు చిన్నవేం కావు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు, పోలీసుల నుంచి కాగితాలు, రాష్ట్ర ఖజానా నుంచి నిధులు – ఈ మూడు మెట్లలో ఏదో ఒకచోట దస్త్రం ఆగుతుంది. ఫ్రాన్స్‌లో ఈ నిధి బడ్జెట్ మీద ఆధారపడదు. ఆస్తి బీమా పాలసీ తీసుకునే ప్రతి ఒక్కరి నుంచి ఏటా వసూలయ్యే కొద్ది యూరోల రుసుముతో అది నడుస్తుంది. అమెరికాలో 1984 చట్టం పెట్టిన నిధికి పన్నుల సొమ్ము ముట్టదు, ఫెడరల్ నేరస్థుల నుంచి, ముఖ్యంగా కంపెనీల నుంచి వసూలైన జరిమానాలే దానికి ఆధారం. మన రాష్ట్రాల్లోనూ ట్రాఫిక్ చలాన్లు మొదలు కోర్టు జరిమానాల దాకా వసూలయ్యే మొత్తంలో స్థిరమైన వాటా ఈ నిధికి కేటాయిస్తే ఆర్థిక శాఖ సంతకం కోసం బాధితులు ఎదురుచూడాల్సిన పని తప్పుతుంది. అగ్రిగోల్డ్ వంటి డిపాజిట్ల మోసాల్లో లక్షల కుటుంబాలు ఏళ్లకేళ్లు ఎదురుచూశాయి. నేరార్జిత ఆస్తిని జప్తు చేసి బాధితులకు పంచే అధికారం ఇచ్చిన సంహిత 107వ సెక్షన్‌ను ఇలాంటి కేసుల్లో జిల్లా కలెక్టర్లు ఎంత చురుగ్గా వాడతారో చూడాలి.

శిక్ష పడ్డాక బాధితుల పని అయిపోయిందనుకోవడం మరో పొరపాటు. గుజరాత్ ప్రభుత్వం 2022 ఆగస్టు 15న బిల్కిస్ బానో సామూహిక అత్యాచారం కేసులో యావజ్జీవ ఖైదీలు 11 మందిని శిక్ష తగ్గించి విడుదల చేసింది. ఆమెను ఎవరూ అడగలేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. సుప్రీంకోర్టు 2024 జనవరి 8న ఆ ఉత్తర్వు కొట్టేసింది. గుజరాత్‌కు ఆ అధికారమే లేదు, విచారణ జరిగిన మహారాష్ట్రదే ఆ నిర్ణయం అన్నది ప్రధాన కారణం. అంటే అధికారం ఉన్న రాష్ట్రం బాధితురాలికి మాట కూడా చెప్పకుండా వదిలేసి ఉంటే చట్టంలో ఆమెకు దక్కే ఆసరా ఎంత? శిక్ష తగ్గింపు గురించి చెప్పే సంహిత 473వ సెక్షన్‌లో బాధితులను వినాలన్న మాట లేదు. లండన్‌లో మహిళలపై వరుస లైంగిక దాడులు చేసిన ఒక ట్యాక్సీ డ్రైవర్‌ను విడుదల చేయాలన్న పెరోల్ బోర్డు నిర్ణయాన్ని ఇద్దరు బాధితులు సవాలు చేస్తే, 2018 మార్చిలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత పెరోల్ బోర్డు తన నిర్ణయాలకు కారణాలు బాధితులకు చెప్పే పద్ధతే వచ్చింది. విడుదల ఆపే వీటో బాధితులకు ఉండాలని నేననను. మారిన ఖైదీ బయటికి రావాలి. ఎవరి పక్కింటికి వస్తున్నాడో వాళ్లకు ముందుగా తెలియాలి, వాళ్ల భయం ఫైలులో ఒక కాగితంగానైనా ఉండాలి.

ఎదురువాదాలను తేలిగ్గా తీసుకోకూడదు. తీర్పు రాకముందే ఒకరిని బాధితుడు అంటే ఎదుటివాడు నేరస్థుడని ఒప్పుకున్నట్టు కాదా అన్నది మొదటిది. మన జైళ్లలో 2022 చివరికి ఉన్న 5.73 లక్షల మందిలో 4.34 లక్షలు విచారణ ఖైదీలే. ప్రతి నలుగురిలో ముగ్గురు. వాళ్లలో ఎక్కువమంది పేదలు. వాళ్ల మీద ఒకరికి ఇద్దరు ప్రాసిక్యూటర్లను నిలబెడితే తూకం పోతుందన్న భయం నిజమైనదే. బెయిలు వినికిడి బాధితుడికి నోటీసు అందలేదన్న సాకుతో వారాల తరబడి వాయిదా పడితే అది విచారణ ఖైదీ మీద కొత్త శిక్ష అవుతుంది. నోటీసు బాధ్యత పోలీసులది, ఫోను మెసేజీతో సరిపెట్టవచ్చు, గడువు రోజుల్లో ఉండాలి, నెలల్లో కాదు. శిక్ష ఖరారు చేసే ముందు బాధితుల ఆవేదన ప్రకటన వినాలన్న ప్రతిపాదనను కొడగలి తీర్పులో జస్టిస్ మదన్ లోకుర్ సమర్థించారు. అమెరికా సుప్రీంకోర్టు 1987లో మరణశిక్ష కేసుల్లో దాన్ని నిషేధించి, నాలుగేళ్లకే మాట మార్చి అనుమతించింది. ఇక్కడ నాకు సందేహాలున్నాయి. బాగా మాట్లాడగల, చదువుకున్న, పలుకుబడి ఉన్న కుటుంబానికి చెందిన మనిషిని చంపినవాడికి ఒక శిక్ష, ఎవరూ లేని బిచ్చగాడిని చంపినవాడికి ఇంకో శిక్ష పడే ప్రమాదం అందులో ఉంది. కులం, వర్గం ఇంతగా పనిచేసే మన సమాజంలో ఆ ప్రమాదం రెట్టింపు. అందుకే ఆ ప్రకటనను పరిహారం ఎంత ఉండాలన్న లెక్కకే వాడడం మంచిది. ఢిల్లీ హైకోర్టు 2020లో చూపిన దారి కూడా అదే. బాధిత కుటుంబం మాటే శిక్షను నిర్ణయించే వ్యవస్థ ఎలా ఉంటుందో గల్ఫ్‌కు వలసపోయిన మన కుటుంబాలకు తెలుసు. దుబాయ్‌లో నేపాలీ కాపలాదారు హత్య కేసులో ఇరుక్కున్న సిరిసిల్ల ప్రాంత కార్మికుల కోసం హతుడి కుటుంబాన్ని వెతుక్కుంటూ నేపాల్ దాకా వెళ్లి, పరిహారం ముట్టజెప్పి, క్షమాపణ పత్రం తెచ్చుకున్నారు. అయినా వాళ్లు చాలా ఏళ్లు జైల్లోనే గడిపి 2024లో ఇల్లు చేరారు. డబ్బు కూడగట్టలేని కార్మికుడి గతి ఏమిటన్న ప్రశ్నకు ఆ వ్యవస్థలో జవాబు లేదు.

ఈ చర్చలో అందరికంటే ఎక్కువ నష్టం చేసింది ఎన్‌కౌంటర్. 2008లో వరంగల్‌లో యాసిడ్ దాడి నిందితులు ముగ్గురు, 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర ఆ శంషాబాద్ పశువైద్యురాలి కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. రెండుసార్లూ జనం పూలు చల్లారు, మిఠాయిలు పంచారు, బాధితులకు న్యాయం జరిగిందన్నారు. చటాన్‌పల్లి ఘటనపై సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్, పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చి పది మందిపై విచారణకు సిఫార్సు చేసింది. ఆ యువతి కుటుంబానికి కోర్టులో దక్కాల్సిన నిజం, ఆ రాత్రి ఎవరు ఆలస్యం చేశారన్న జవాబుతో సహా, ఆ తుపాకుల మోతలో పోయింది. బాధితుల పేరుతో రాజ్యం తన వైఫల్యాన్ని పూడ్చిపెట్టుకోవడం బాధితుల హక్కు అనిపించుకోదు.

హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం, తర్వాత దానికి అనుబంధంగా వచ్చిన పిల్లల స్నేహపూర్వక కోర్టు, ఠాణా గడప తొక్కకుండా వాంగ్మూలం, వైద్యం, కౌన్సెలింగ్ ఒకేచోట ఇవ్వవచ్చని చూపించాయి. పోక్సో నిబంధనలు పిల్లల వెంట ఒక సహాయకుడు ఉండాలంటున్నాయి. అంటే పద్ధతులు మనకు తెలియనివి కావు. సంహిత కింద పరిహార పథకం, సాక్షుల రక్షణ పథకం రూపొందించాల్సింది రాష్ట్రాలే. రెండు తెలుగు ప్రభుత్వాలు ఢిల్లీ వైపు చూడకుండా మూడు పనులు చేయవచ్చు: ప్రతి జిల్లాలో డిఫెన్స్ కౌన్సెల్ కార్యాలయం పక్కనే బాధితుల న్యాయవాదుల కార్యాలయం తెరవడం, పరిహార నిధికి జరిమానాల నుంచి స్థిరమైన వాటా కేటాయించడం, 90 రోజుల సమాచారం ఇవ్వని దర్యాప్తు అధికారిపై శాఖాపరమైన చర్యకు జీవో ఇవ్వడం. శాసనసభ సమావేశాల్లో ఏ పార్టీ సభ్యుడైనా ఈ మూడింటిలో ఒక్కటైనా అడిగితే చాలు, చర్చ శిక్షల దగ్గర నుంచి హక్కుల దగ్గరికి కదులుతుంది.

అప్పటిదాకా ఈ పేజీ చదువుతున్నవారు తమ ఇంట్లోనో, వీధిలోనో ఎవరికైనా అవసరం పడితే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. అత్యాచారం, యాసిడ్ దాడి బాధితులకు ప్రైవేటు ఆసుపత్రి కూడా ఉచితంగా వెంటనే చికిత్స చేయాలి. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, పరిహారం దరఖాస్తు అక్కడే ఇవ్వాలి, న్యాయవాదినీ అక్కడే అడగాలి. న్యాయవాది వకాలత్ వేస్తే ఛార్జిషీటు ప్రతులు మీకు వచ్చి తీరాలి. ఫిర్యాదు ఇచ్చి 90 రోజులు దాటినా కబురు రాకపోతే, దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పమని రాతపూర్వకంగా అడిగి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి.